మైదానంలో నిలువలేక తెరపై నిలిచిన చక్ కానర్స్

'ఏడు తరాలు' చదివినవారెవరూ కిజ్జీని మరచిపోలేరు. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన 'రూట్స్' అనే గ్రంథాన్ని సహవాసి గారు ఆ పేరుతో తెలుగులోకి తెచ్చారు. కుంటా కింటే కన్నబిడ్డ కిజ్జీ పదహారేళ్ల ప్రాయంలో తల్లిదండ్రుల కళ్లెదుటే అమ్ముడుపోతుంది. కొన్న యజమాని ఆమెను చెరుస్తాడు. ఆ బలాత్కారానికి పుట్టినవాడే జార్జి. తన రక్తం పంచుకు పుట్టిన కొడుకునే బానిసగా ఉంచుకొని, వాని చేత పందెపు కోళ్లను మేపించిన ఆ యజమానిని తలచుకుంటే పాఠకునికి నేటికీ ఒళ్లు మండుతుంది. పుస్తకంలో అతని పేరు టామ్ లీ. 1977 జనవరిలో అమెరికా టెలివిజన్‌లో ఈ కథ ధారావాహికగా వచ్చినప్పుడు ఆ పేరును టామ్ మూర్ అని మార్చారు.

ఆ పాత్ర ధరించిన నటుడు చక్ కానర్స్. ఆనాటి అమెరికా ప్రేక్షకులు ఆయనను ఆ వేషంలో చూసి ఎందుకు నివ్వెరపోయారో తెలియాలంటే ఆయన జీవితం మొదటి నుండి తెలియాలి. అంతకు కొన్నేళ్ల ముందు వరకు ఆ ముఖం వారికి ఆదర్శ తండ్రి ముఖం. దానికి ముందు ఒక బాస్కెట్‌బాల్ ఆటగాని ముఖం. అటుపై ఒక బేస్‌బాల్ ఆటగానిది.

కెవిన్ జోసెఫ్ కానర్స్ 1921 ఏప్రిల్ 10న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించారు. తల్లిదండ్రులు ఐరిష్ మూలాలు గలవారు. న్యూఫౌండ్‌లాండ్ ద్వీపం నుండి వలస వచ్చారు. ఆ ద్వీపం నేడు కెనడాలో భాగమే కాని, అప్పటికి కెనడాలో చేరలేదు; 1949లో చేరింది. చేపల వేటే ఆధారమైన చల్లని నేల అది. తండ్రి బ్రూక్లిన్ ఓడరేవులో సరుకు దింపే కూలి. ఒక ప్రభుత్వపు హద్దు దాటి వచ్చి, మరొక చోట కూలి చేసుకొని, పిల్లలను అక్కడి బడిలో వేసిన కుటుంబాలు ఎట్లుంటాయో మన ప్రాంతపు పాఠకులకు వేరే చెప్పనవసరం లేదు. బాలుడు చర్చిలో పూజావేళ ఫాదరీకి సాయం చేసేవాడు. తక్కిన పొద్దంతా వీధిలో బంతి ఆట. ఆ ఆటే అతనికి అడెల్ఫీ అకాడమీలో ఉపకార వేతనం తెచ్చిపెట్టింది, ఆపై న్యూజెర్సీలోని సీటన్ హాల్ కాలేజీకి దారి చూపింది.

బేస్‌బాల్‌లో ఒకటవ బేస్ వద్ద నిలబడి, బంతిని తనకు విసరమని తోటివారిని కేకలు వేసేవాడట. విసరడానికి అక్కడి వీధి పిల్లల మాట 'చక్'. ఆ కేకయే పేరై నిలిచింది. తల్లిదండ్రులు పెట్టిన కెవిన్ అన్న పేరు మరుగున పడిపోయింది.

1942లో చదువు మాని సైన్యంలో చేరారు. యుద్ధకాలమంతా స్వదేశంలోనే ఉండి టాంకులు నడపడంలో సైనికులకు శిక్షణ ఇచ్చారు. 1946లో సైన్యం వీడేనాటికి వయస్సు పాతిక. ఎత్తు ఆరడుగుల ఐదంగుళాలకు పైమాటే. ఆ ఎత్తుకు బాస్కెట్‌బాల్ తగినది. ఆ యేడే అమెరికాలో బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అనే కొత్త సంస్థ పుట్టింది. నేడు లోకమంతా చూసే ఎన్‌బీఏ పోటీలకు మూలం అదే. బోస్టన్ నగరం తరఫున సెల్టిక్స్ అనే జట్టు ఏర్పడింది. దాని శిక్షకుడు హనీ రస్సెల్ అంతకుముందు సీటన్ హాల్ కాలేజీలో శిక్షకుడు. తన కాలేజీ కుర్రవాడైన కానర్స్ ఆ జట్టులోనికి వచ్చాడు.

ఇక్కడ ఆయన చేసిన ఒక పని ఆట చరిత్రలో చిరకాలం నిలిచిపోయింది. అదేమీ ఘనకార్యం కాదు. 1946 నవంబరు 5న సెల్టిక్స్ జట్టు సొంత ఊరిలో ఆడవలసిన మొట్టమొదటి ఆట. ఊరిలోని పెద్ద మందిరం బోస్టన్ గార్డెన్‌లో పొగరుబోతు ఎద్దుల మీద, గుర్రాల మీద స్వారీ చేసే రోడియో ప్రదర్శన జరుగుతుండగా, ఆటను బోస్టన్ ఎరీనా అనే మరొక మందిరానికి మార్చారు. ఆటకు ముందు ఆటగాళ్లు చేయి ఆడించుకోవడానికి బంతులు వేస్తున్నారు. కానర్స్ దూరం నుండి విసిరిన బంతి ఇనుప రింగుకు తగిలింది. బుట్ట వెనుక నిలువుగా ఉండే అద్దపు పలక భళ్లున ముక్కలైంది. రింగుకూ అద్దానికీ నడుమ ఉండవలసిన రబ్బరు తునకను బిగించేవారు పెట్టడం మరచిపోయారు. కొట్టినవాని బలం కంటే బిగించినవాని ఏమరుపాటే కారణమన్నమాట. మరొక పలక కోసం రోడియో జరుగుతున్న గార్డెన్‌కే మనుషులను పరుగెత్తించవలసి వచ్చింది. గంటకు పైగా జనం వేచి చూశారు. తీరా ఆట జరిగితే షికాగో జట్టు చేతిలో సెల్టిక్స్ 57-55తో ఓడిపోయింది. ఆ సంస్థ ఆటల చరిత్రలో అద్దపు పలక పగులగొట్టిన తొలి ఆటగానిగా మాత్రం కానర్స్ పేరు నమోదైంది.

అది తప్ప అక్కడ చెప్పుకోదగినది తక్కువ. మొదటి యేడు 49 ఆటలు, రెండవ యేడు నాలుగే ఆటలు. ఆటకు సగటున నాలుగైదు పాయింట్లు. జట్టు కూడా ఆ తొలి యేడు 22 గెలిచి 38 ఓడింది. అయితే విందులలో, పత్రికల వారి సమావేశాలలో ఈ పొడుగాటి యువకుడు లేచి మాట్లాడితే సభ కడుపుబ్బ నవ్వేది. ఎర్నెస్ట్ థేయర్ రాసిన 'కేసీ ఎట్ ది బ్యాట్' అనే పాత గేయాన్ని అభినయంతో చదవడం ఆయనకు పరిపాటి. ఊరంతా నమ్ముకున్న ఆటగాడు కీలక సమయంలో బంతిని తాకలేక తలవంచుకొని వెళ్లిపోయే కథ అది. ఆ గేయాన్ని అన్నిసార్లు చదివిన మనిషికి అదే గతి పట్టబోతున్నదని అప్పుడెవరికి తెలుసు?

ఆయన మనసంతా బేస్‌బాల్ మీదనే. తాను పుట్టిన బ్రూక్లిన్‌లోని డాడ్జర్స్ జట్టులో ఆడాలన్నది చిన్ననాటి కల. డాడ్జర్స్ వారు ఆయనను తమ కింద ఉన్న మాంట్రియల్ జట్టులో ఉంచి ఏళ్ల తరబడి చూశారు. అక్కడ బాగానే ఆడారు. పైజట్టులో మాత్రం ఆయన స్థానమైన ఒకటవ బేస్ వద్ద గిల్ హాడ్జెస్ అనే దిట్ట ఉన్నాడు. అతడు కదలడు, ఈయనకు చోటు రాదు. చివరికి 1949 మే 1న పిలుపు వచ్చింది. కార్ల్ ఫురిల్లోకు బదులుగా ఒక్కసారి బ్యాటు పట్టుకొని నిలబడ్డారు. కొట్టిన బంతి నేరుగా ఎదుటివారి చేతికి చిక్కి, ఒక్క దెబ్బకు ఇద్దరు అవుటయ్యారు. కలగన్న జట్టులో ఆయన ఆట మొత్తం అంతే. ఒక్క ఆట, ఒక్క దెబ్బ.

ఆ పిదప షికాగో కబ్స్ వారికి అప్పగించబడ్డారు. కబ్స్ వారు తమ కింది జట్టు ఉన్న లాస్ ఏంజెలెస్‌కు పంపారు. 1951లో అక్కడ 98 ఆటలలో 22 హోమ్‌రన్లు కొట్టి విజృంభించారు. షికాగోకు పిలిచారు. అక్కడ 66 ఆటలలో రెండే హోమ్‌రన్లు. మళ్లీ లాస్ ఏంజెలెస్‌కు దింపివేశారు. ముప్ఫై నిండిన ఆటగానికి ఇది దాదాపు తీర్పు వంటిది.

కానీ లాస్ ఏంజెలెస్ పక్కనే హాలీవుడ్ ఉంది. ఆటలు చూడవచ్చే జనంలో సినిమా కంపెనీల వారూ ఉండేవారు. బేస్‌ల మధ్య పల్టీలు కొట్టి, అంపైరుతో హాస్యమాడి, ప్రేక్షకులను నవ్వించే ఈ నిలువెత్తు మనిషిని ఎంజీఎం సంస్థలో నటులను ఎంపిక చేసే అధికారి చూశాడు. 1952లో వచ్చిన 'ప్యాట్ అండ్ మైక్' చిత్రంలో పోలీసు అధికారిగా చిన్న వేషం ఇచ్చారు. ఎదుట స్పెన్సర్ ట్రేసీ, కేథరిన్ హెప్బర్న్ వంటి మహానటులు. చేతికి 500 డాలర్లు ముట్టాయి. ఆయన లెక్క వేసుకున్నారు. ఎండలో, దుమ్ములో నెలల తరబడి పరుగెత్తితే వచ్చేదానితో పోలిస్తే ఇది నయం. 1953 ఆరంభంలో బేస్‌బాల్‌కు స్వస్తి చెప్పారు.

అదృష్టం కలిసివచ్చిందని చాలామంది రాస్తారు. నాకట్లు తోచదు. విందు బల్లల వద్ద పదేళ్లపాటు గేయాలు చదివిన గొంతు, మైదానంలో ఓడిపోతూ కూడా జనాన్ని తనవైపు తిప్పుకున్న నేర్పు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. రెండు ఆటలలోనూ అత్యున్నత స్థాయి వరకు వెళ్లినవారు అమెరికా చరిత్రలో పట్టుమని ఇరవై మంది లేరు. వారిలో ఆయన ఒకరు. ఆ రెండింటిలోనూ నిలదొక్కుకోలేకపోయిన మాటా నిజమే.

మొదటి అయిదారేళ్లు చిల్లర వేషాలు. 1955లో 'సూపర్‌మ్యాన్' ధారావాహికలో, కాకతాళీయంగా ఇంటిపేరే సూపర్‌మ్యాన్ అయిన ఒక అమాయకపు పల్లెటూరి వానిగా నవ్వించారు. 1957లో డిస్నీ వారి 'ఓల్డ్ యెల్లర్' వచ్చింది. తప్పిపోయిన తన కుక్కను వెదుకుతూ ఒక పేద రైతు ఇంటికి వచ్చిన పశువుల కాపరి, ఆ ఇంటి పిల్లవానికి కుక్క మీద ఉన్న ప్రేమ చూసి, ఒక తొండనూ ఒక పూట ఇంటి భోజనాన్నీ బదులుగా పుచ్చుకొని కుక్కను వదిలి వెళతాడు. కొద్ది నిమిషాల పాత్ర. కాని ఆ పిల్లవాని ఎదుట ఆయన ఒదిగి నిలిచిన తీరు ఒక ధారావాహిక నిర్మాతల కంట పడింది. అంతకుముందు ఇచ్చే సొమ్ము చాలదని ఆయనే తిరస్కరించిన ధారావాహిక అది. ఈసారి మరింత మేలైన షరతులతో వచ్చి అడిగారు.

దాని పేరు 'ది రైఫిల్‌మ్యాన్'. 1958 సెప్టెంబరు 30న ఏబీసీ టెలివిజన్‌లో మొదలై 1963 ఏప్రిల్ వరకు 168 భాగాలు సాగింది. మనవారికి కౌబాయ్ కథలు 1971 నాటి 'మోసగాళ్లకు మోసగాడు'తో బాగా పరిచయమయ్యాయి గనుక ఆ టోపీలు, గుర్రాలు, తుపాకులు కొత్త కాదు. ఈ కథలో కొత్తదనం వేరే ఉంది. లూకస్ మెకేన్ భార్యను పోగొట్టుకున్న రైతు. మార్క్ అనే కొడుకును వెంటబెట్టుకొని న్యూమెక్సికోలో భూమి కొని పశువులను పెంచుతాడు. తల్లి లేని పిల్లవానిని ఒంటరి తండ్రి పెంచడం అన్నది అప్పటి అమెరికా టెలివిజన్‌కు అలవాటైన విషయం కాదు. మొదట్లో తండ్రి వీధిలో నడుస్తూ వరుసగా పన్నెండు గుళ్లు పేల్చేవాడు. చివరికి వచ్చేసరికి కొడుకు పక్కన కూర్చొని, తాను చేసినది ఎందుకు చేయవలసి వచ్చిందో చెప్పేవాడు. తప్పు చేస్తే ఒప్పుకొనేవాడు. పిల్లలు తుపాకి కోసం, తల్లిదండ్రులు ఆ చివరి మాటల కోసం చూశారని చెప్పవచ్చు. (ఆ తుపాకి 1892 నాటి వించెస్టర్ నమూనా. కథ జరిగేది 1880లలో. అయినా ఎవరూ తప్పు పట్టలేదు.)

మార్క్ పాత్ర వేసిన జానీ క్రాఫోర్డ్‌కు అప్పుడు పన్నెండేళ్లు. కానర్స్ తీరిక వేళల్లో ఆ బాలునికి బేస్‌బాల్ నేర్పేవారు. తెర మీది ఆ బంధం తెర వెలుపల కూడా చివరి వరకు సాగింది.

అదే 1958లో విలియం వైలర్ తీసిన 'ది బిగ్ కంట్రీ' చిత్రం కూడా విడుదలైంది. అందులో కానర్స్ ఒక మొరటు పశువుల ఆసామి కొడుకు. పిరికివాడై, మాట తప్పి, నిరాయుధుని మీద కాల్పులకు తెగబడగా కన్నతండ్రే అతనిని కాల్చి, ఆ పైన శవాన్ని ఒడిలోకి తీసుకొని కుమిలిపోతాడు. తండ్రి చేత చంపబడిన కొడుకుగా వెండితెర మీద, కొడుకును కాపాడుకొనే తండ్రిగా ఇంటి తెర మీద, ఒకే ఋతువులో ఒకే మనిషి.

సొంత ఇంటి సంగతి అంత చక్కగా నడవలేదు. 1948లో వివాహమాడిన భార్యతో నలుగురు కుమారులు కలిగారు. వారం వారం దేశానికి తండ్రి పాఠం చెబుతున్న ఆ రోజులలోనే, 1960ల ఆరంభంలో, ఆ కాపురం విడాకులతో ముగిసింది. దీనిని పట్టుకొని ఆయనను కపటి అనడం తేలిక. నటుడు రాసినవారి మాటలు పలుకుతాడు. ఇంటికి వచ్చాక అతని మాటలు అతడే వెదుక్కోవాలి. అది అందరికీ ఉన్న కష్టమే.

1962లో 'జెరోనిమో' చిత్రంలో అపాచీ తెగ నాయకునిగా కథానాయక పాత్ర ధరించారు. నీలికళ్ల ఐరిష్ వంశీయుడు ముఖానికి రంగు పూసుకొని అమెరికా ఆదివాసి వీరుడైనాడు. అపాచీ యువతిగా నటించినది బొంబాయిలో పుట్టిన మన దేశపు నటి కమలాదేవి. ఇద్దరిలో ఒక్కరూ అపాచీలు కారు. ఆదివాసుల కథకు ఆదివాసులను పిలవాలన్న ఆలోచన అప్పటి హాలీవుడ్‌కు లేకపోయింది, అది ఆ పరిశ్రమకు గౌరవం కాదు. చిత్రం పుణ్యమా అని కానర్స్, కమలాదేవి 1963లో పెండ్లి చేసుకున్నారు. దాదాపు తొమ్మిదేళ్లకు విడిపోయారు. ఆపై మూడవ వివాహం కూడా కొద్దికాలమే.

తరువాతి ధారావాహికలు అంతగా నిలువలేదు. 1965-66లో వచ్చిన 'బ్రాండెడ్'లో చేయని పిరికితనానికి సైన్యం నుండి గెంటివేయబడిన అధికారి, 1967-68లో వచ్చిన 'కౌబాయ్ ఇన్ ఆఫ్రికా'లో కెన్యాలో వన్యమృగాలను సాకే కౌబాయ్. 1966లో డాడ్జర్స్ జట్టులోని ఇద్దరు మహా బౌలర్లు శాండీ కూఫాక్స్, డాన్ డ్రైస్‌డేల్ జీతం పెంచితే తప్ప ఆడమని భీష్మించి సినిమాలో నటించడానికి ఒప్పుకున్నప్పుడు, జట్టు యాజమాన్యానికీ వారికీ మధ్య మాట కలిపినవారిలో కానర్స్ ఉన్నారు. ఒక్క ఆట ఆడించి పంపివేసిన జట్టు మీద ఆయనకు కోపం నిలవలేదన్నమాట.

1973లో మరొక వింత. సోవియట్ నాయకుడు బ్రెజ్నెవ్ అమెరికా పర్యటనకు వచ్చి, కాలిఫోర్నియాలో నిక్సన్ అధ్యక్షుని ఇంట విందు స్వీకరించాడు. ఆయనకు కౌబాయ్ కథలంటే ప్రాణం. కానర్స్ ఆయనకు రెండు కోల్ట్ రివాల్వర్లు బహూకరించారు. మరునాడు విమానం ఎక్కబోతూ జనంలో అందరికంటే ఎత్తుగా కనిపించిన కానర్స్ వద్దకు వెళ్లి, బ్రెజ్నెవ్ అమాంతం ఆయన మీదికి ఎగిరి కౌగలించుకున్నాడు. అగ్రరాజ్యపు అధినేత పాదాలు నేల విడిచి గాలిలో వేలాడుతున్న ఆ ఛాయాచిత్రం పత్రికలలో పడింది. ఆ యేడు డిసెంబరులో కానర్స్ సోవియట్ దేశం వెళ్లి వచ్చారు. నిక్సన్ పార్టీకి బహిరంగంగా ప్రచారం చేసిన మనిషి ఆయన. 1982లో బ్రెజ్నెవ్ మరణించినప్పుడు అంత్యక్రియలకు వెళ్లాలని ఆశించినా అమెరికా ప్రభుత్వ ప్రతినిధి వర్గంలో ఆయనకు చోటు దక్కలేదు.

ఇక 'రూట్స్'. 1977 నాటికి కానర్స్‌కు 55 ఏళ్లు. లూకస్ మెకేన్ పునఃప్రసారాలు ఊరూరా నడుస్తూనే ఉన్నాయి. ఆ కీర్తి మీద హాయిగా బతకగల నటునికి కిజ్జీని చెరిచే టామ్ మూర్ వేషం ఎందుకు? పేరు మలినం కాదా? నిర్మాతలు ఆలోచించే ఈ పని చేశారు. ప్రేక్షకులకు ప్రియమైన తెల్ల నటులనే బానిస యజమానులుగా, ఓడ నాయకులుగా ఎంచుకున్నారు. దుర్మార్గం ఎక్కడో రాక్షసుల ముఖాలతో కాక, తాము ఇష్టపడి ఇంటిలోకి రానిచ్చిన ముఖాలతోనే ఎదురుగా నిలిచింది.

కిజ్జీగా లెస్లీ ఉగ్గమ్స్, జార్జిగా బెన్ వెరీన్ నటించారు. కానర్స్ ఆ యజమానిని ఎక్కడా మెత్తపరచలేదు. మూర్ జార్జిని చూసి నవ్వుతాడు, భుజం తడతాడు, కోడిపందేలకు వెంట తీసుకుపోతాడు. గెలిచిన పూట తండ్రిలాగానే ఉంటాడు. చివరకు ఒక ఆంగ్లేయునితో పెద్ద పందెం కాసి ఓడి, ఆ అప్పు కింద జార్జిని ఇంగ్లండుకు అప్పగిస్తాడు. కోడిపందేలలో పొలాలు, ఎద్దులు పోగొట్టుకున్నవారి కథలు మన పల్లెలలో వింటూనే ఉంటాం. ఇక్కడ బరిలో పోయినది కన్నకొడుకు. పదిహేనేళ్ల క్రితం మార్క్ పక్కన కూర్చొని మంచిచెడ్డలు చెప్పిన అదే గంభీరమైన గొంతు, అదే నిలువెత్తు విగ్రహం, అదే చిరునవ్వు. ధారావాహిక ముగింపు భాగాన్ని దాదాపు పది కోట్ల మంది చూశారని అంచనా. నా దృష్టిలో కానర్స్ నటనా జీవితంలో అన్నిటికంటే ధైర్యం కలిగిన పని ఇదే. 168 భాగాలలో కూడబెట్టుకున్న ప్రేమను ఆయన ఇక్కడ కర్చు చేశారు. కథకు కావలసినది ఆ కర్చే.

1984లో హాలీవుడ్ వీధిలోని కీర్తి ఫలకాలలో ఆయన పేరూ చేరింది. చిన్నా పెద్దా వేషాలు చివరి వరకు వేస్తూనే ఉన్నారు. నడివయసు దాటేవరకు రోజుకు మూడు పెట్టెల సిగరెట్లు కాల్చిన అలవాటు ఊరికే పోలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ సోకి, న్యుమోనియా ముదిరి, 1992 నవంబరు 10న లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ ఆసుపత్రిలో మరణించారు. వయస్సు 71. కుర్ర మార్క్‌గా నటించిన జానీ క్రాఫోర్డ్ 2021 వరకు జీవించారు.

సాన్ ఫెర్నాండో మిషన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. రాతి మీద రైఫిల్ పట్టుకున్న లూకస్ మెకేన్ చిత్రం చెక్కారు. దానితోపాటు మూడు జట్ల గుర్తులు కూడా ఉన్నాయి. ఒకటి అద్దం పగులగొట్టిన సెల్టిక్స్‌ది, ఒకటి 66 ఆటల కబ్స్‌ది, మూడవది ఒక్కసారి బ్యాటు పట్టనిచ్చిన డాడ్జర్స్‌ది.